తొమ్మిది రక్తపరీక్షలు, మూడు కూచిపూడులు

రెండువేల మూడులో ఒక రెండో శనివారానికి నయోమి వేసుకున్న లెక్క చాలా తేలికైనది. పొద్దున్న తొమ్మిదింటికి ఉద్దానంలో సముద్రం ఒడ్డున జాలరిపేటలో రక్తపరీక్షలు. మధ్యాహ్నం మూడింటికి టెక్కలిలో తన కూచిపూడి ప్రదర్శన. పలాసలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. నూతి నీళ్ళ వల్లే అని కొందరనే కిడ్నీల జబ్బుని ముందే కనిపెట్టాలని సెలవురోజుల్లో ఊళ్ళు తిరిగి రక్తం తీస్తుంది. ఆ పేటకి అంతకుముందు రెండుసార్లు వెళ్తే ఆరుగురే చెయ్యి చాపారు. "రక్తం తీత్తేనే జబ్బు వత్తాది" అని మిగతావాళ్ళు తలుపులేసుకున్నారు. ఈసారి యాభైమంది రక్తం తెస్తే విశాఖ నుంచి డాక్టరు కదిలి వస్తానన్నాడు.

అందుకే ముందురోజు మైకు ఆటో రమణకి పేటలో చాటమని చీటీ ఇచ్చింది. ఆ హడావుడిలో తన శనివారమంతా ఆ చీటీ మీదే రాసేసింది: '9 రక్తపరీక్ష, 3 కూచిపూడి.' రమణ ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి. "రేపు మన పేటలో తొమ్మిది రక్తపరీక్షలు, మూడు కూచిపూడులు! అందరూ రావాలి!" అని సాయంత్రం దాకా గొంతు చించుకున్నాడు.

శనివారం నయోమి ఆటో దిగేసరికి ఇసుకలో కొబ్బరాకుల పందిరి లేచింది. నాలుగు బల్లలు కలిపి స్టేజీ కట్టారు. పక్క పేటల జనం కూడా పిల్లాజెల్లాతో వచ్చి కూర్చున్నారు. అందరికంటే ముందు చేపలమ్మే మంగమ్మ చెయ్యి చాపింది.

"తొమ్మిదీ ఎడం సేతికే తియ్యమ్మా. కుడిసేత్తో తట్ట ఎత్తాల నాను."

"తొమ్మిదేటి? ఒక్కటే."

"ఒక్కటేనా? మరి కూచిపూడులు మూడేనా, అవీ తగ్గించీసినారా?"

నయోమి రమణ వైపు తిరిగింది. "నువ్వు రాసిందే సదివేను మేడమ్" అన్నాడు రమణ. ఇప్పుడు ఆట లేదంటే ఒక్కరు మిగలరని ఆమెకి అర్థమైంది. "రక్తం ఇచ్చాకే ఆట" అంది. అనగానే పందిరి చివరిదాకా వరస కట్టేశారు.

ఆ మైకు మాట పొద్దున్నే కాశీబుగ్గలో ఆమె తండ్రి దేవదానం చెవిన పడింది. ఆయన రిటైరైన మిషన్ స్కూలు మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద. కూతురు ఐదేళ్ళుగా నాట్యం నేర్చుకుంటుంటే వద్దనలేదు. "నా కళ్ళముందు మాత్రం వద్దు" అన్నాడు, అంతే. సముద్రం ఒడ్డున మూడు ఆటలు ఆడుతోందని విని, ఇంటికి తీసుకుపోదామని బస్సెక్కి వచ్చాడు.

నయోమి మొదటి సూది తీసేలోపే, తెల్లచొక్కా, కళ్ళజోడు, చేతిలో గొడుగు చూసి పేటపెద్ద ధర్మారావు ఎదురెళ్ళి మెళ్ళో దండ వేశాడు. "ముఖ్య అతిథిగారొచ్చేరు!"

"నేను అతిథిని కాదయ్యా, దాని నాన్నని!"

"మరీ మంచిది. మీ పిల్లే కదా, ముందు మీరే తీయించుకోండి. మావోళ్ళకి దైర్నం వత్తాది."

దండతో, మూడువందలమంది ఎదుట, దేవదానం చెయ్యి చాపక తప్పలేదు. నయోమి రబ్బరు పట్టీ కట్టింది. "పిడికిలి బిగించు నాన్నా."

"ఇంటికి పద" అన్నాడాయన పళ్ళ బిగువున.

"వరస సూడు. ఎలా వత్తాను?"

ఆయన చూశాడు. అందులో సగంమంది పక్క పేటలవాళ్ళు, ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. ఇరవై రెండేళ్ళు అక్కడి బడిలోనే పాఠం చెప్పాడు. వాళ్ళ నూతి నీళ్ళే తాగాడు. వెళ్ళి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

తొంభైనాలుగో మనిషి దగ్గర ట్యూబులు అయిపోయాయి. నయోమి తెల్లకోటు విప్పి, నేతచీర కొంగు బిగించి, గజ్జెలు కట్టింది. టెక్కలి కోసం తెచ్చిన క్యాసెట్టు రమణ మైకుసెట్టులో వేశాడు. బల్లలు కిర్రుమంటుంటే మూడూ ఆడింది. మూడోది ఆడుతూ ఒకసారి తండ్రి వైపు చూసింది. ఆయన దండ తీయడం మర్చిపోయి చూస్తున్నాడు.

టెక్కలి చేరేసరికి అక్కడ తెర దించేశారు. గురువు మహాలక్ష్మమ్మ కోపంగానే అడిగింది. "ఎంతమంది సూసేరు అక్కడ?"

"మూడొందలు."

"ఇక్కడ నలభైమంది. అందులో ముప్ఫైమంది కుర్చీలేయడానికి వచ్చినోళ్ళు" అని గురువు చల్లబడింది.

సోమవారం ల్యాబులో మిషన్ ముందు కూర్చున్నప్పుడు నవ్వు పోయింది. తొంభైనాలుగు మందిలో ముప్ఫై ఒక్కరికి కిడ్నీలు దెబ్బతిన్నట్టు అంకెలు వచ్చాయి. మంగమ్మది బాగుంది. మొదటి ట్యూబు, నాన్నది, బాగాలేదు. నయోమి మళ్ళీ చేసింది. మూడోసారి చేసింది. అదే అంకె.

రెండు రోజులు దాచింది. మూడోరోజు దేవదానమే ల్యాబుకి వచ్చాడు.

"అందరికీ కాగితాలిచ్చేవంట. నాదేది?"

"మిషన్ సరిగ్గా లేదు నాన్నా."

"తొంభైమూడు మందికి సరిగ్గా ఉన్న మిషను నాకొక్కడికే పాడైందా?"

ఆమె కాగితం ఇచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, విద్యార్థి మార్కులు చూసినట్టు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. నయోమి ఏడుస్తుంటే తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఆడకపోతే ఇది నాకు తెలిసీది కాదు" అన్నాడు.

విశాఖ డాక్టరు మాటిచ్చినట్టే వచ్చాడు. మందులతో కొంతకాలం నెట్టవచ్చనీ, పూర్తిగా బాగుచేయడం తన చేతుల్లో లేదనీ చెప్పాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక దేవదానం లేచి తన అంకె అందరికీ చదివి వినిపించాడు. సంఘంలో నలభైమంది రక్తం ఇవ్వడానికి చేతులు చాపారు. ఆడవాళ్ళు ఏడ్చారు.

తర్వాత పెద్దలు తలుపు వేసుకుని సమావేశమయ్యారు. కార్యదర్శి నతానియేల్ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, మీ అమ్మాయి గజ్జెకట్టి ఆడతంటే మీరు ముందు వరసలో కూకుని సూసేరంట. నిజవేనా?"

"నిజవే. ఐదేళ్ళు సూడకుండా ఉండిపోయేను" అన్నాడు దేవదానం.

దేవదానంగారికి అనారోగ్య కారణంగా పెద్దరికం నుంచి సెలవు మంజూరు చేస్తూ, నృత్యం విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేస్తూ నతానియేల్ సంఘం పుస్తకంలో రాశాడు.