రెండో అంకె మీద ఆరు నెలలు

ఆదివారం పదకొండు గంటలకు బ్యాండు మేస్టారు ఇంటికి వస్తారు. ఆయన ముందు ఒక్క పది నిమిషాలు గిటారు వాయించాలి. నచ్చితే బ్యాండులో చోటు, నచ్చకపోతే మర్యాదగా కాఫీ. కళ్ళద్దాలాయన నిద్ర లేస్తూనే మననం చేసుకున్న కార్యక్రమం ఇంతే. ఇందులో పదిహేడు కుటుంబాలు వీధిలో నిలబడాల్సిన అవసరం ఎక్కడా కనిపించదు. అయినా నిలబడ్డాయి.

ఆయనకు కళ్ళద్దాల షాపు ఉంది కనుక ఆ మేడలో అందరికీ ఆయన కళ్ళద్దాలాయనే. ఇరవయ్యో ఏట గిటారు పట్టుకున్నాడు, ఇప్పుడు నలభై ఏడు. ఈ ఇరవై ఏడేళ్ళలో ఆయన్ని ఎవరూ వాయించమని అడగలేదు. రెండు వారాల కిందట బ్యాండు మేస్టారు చదువుకునే అద్దాల కోసం షాపుకు వచ్చి, తమ గిటారిస్టు వేరే ఊరు వెళ్ళిపోయాడని మాటల్లో అన్నారు. "నేనూ వాయిస్తానండీ!" అనేశాడు కళ్ళద్దాలాయన. కంటి పరీక్ష మిషన్ మీద గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా కూర్చున్న మనిషి కాదని ఎలా అంటాడు? వచ్చి వింటానన్నారు మేస్టారు. ఆ రోజు కళ్ళద్దాలాయన ఇద్దరికి ఎడమ కంటి నంబరు కుడి కంటికి రాసిచ్చాడు.

చిక్కల్లా పెట్టెతోనే. అది వాల్వుల ఆంప్లిఫయరు. పూర్వం రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజుబుడ్లు ఉండేవే, అలాంటివి రెండు. సాసరంత స్పీకరు. ముందు ఒకే ఒక్క నాబ్, దాని చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు. వాయిద్యాల కొట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా చవక. ఈ జాతి పెట్టెలకు ఒక గుణం ఉంది. వాల్వులకు చేతినిండా పని పడితేగాని వాటి గొంతు విచ్చుకోదు. ఏడు మీద పెడితే తీగ పాడుతుంది. కాస్త బొంగురు, కాస్త తీపి, అచ్చం మనిషి గొంతు. రెండు మీద పెడితే నిండా ముసుగు తన్ని గుర్రుపెడుతున్న మనిషి. దానికితోడు లోపలి కరెంటు రొద ఒకటి 'గుంయ్' మంటూ ఎప్పుడూ ఉంటుంది. ఏడు మీద ఆ రొద పాటలో కలిసిపోతుంది, రెండు మీద పాటే రొదలో కలిసిపోతుంది. పోనీ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని విందామంటే అందుకు తగిన బెజ్జం దానికి లేదు. చవక మరి.

ఏడు మీద ఆయన దాన్ని విన్నది ఒక్కసారే, ఆరు నెలల కిందట కొన్న రోజున, ఆ కొట్లో. ఇంటికి తెచ్చి మూడు మీద మొదలుపెట్టాడు. నాలుగో రోజున పై అంతస్తు నుంచి చీటీ వచ్చింది: "ఆ చప్పుడు సంగతి చూడగలరు." రాసినావిడ పెద్ద మేడం. ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, మేడ సంఘానికి అధ్యక్షురాలైన మనిషి. కళ్ళద్దాలాయన బెదిరిపోయి రెండున్నరకు దింపాడు. "ఆ చప్పుడు సంగతి తక్షణం చూడగలరు" అని రెండో చీటీ. రెండుకు దింపాడు. మూడో చీటీ సంఘం ముద్రతో వచ్చింది: "ఆ చప్పుడు ఇంకొక్కసారి వినిపిస్తే ఆ వస్తువు ఈ మేడలో ఉండదు."

అదీ పరిస్థితి. రెండు మీద వాయిస్తే మేస్టారు కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఏడు మీద వాయిస్తే పెట్టె పోతుంది. ఇరవై ఏడేళ్ళ కోరిక ఆ రెండు అంకెల మధ్య ఇరుక్కుని ఉంది. ఆ ఉదయం ఆయన నిజంగానే ఏడుపు మొహంతో కూర్చున్నాడు.

అలాంటి సమయంలో బావమరిది వచ్చాడు. అతను ఫ్యాన్ల కొట్లో పని చేస్తాడు. అందుకని కరెంటుతో నడిచే వస్తువేదైనా తన మాట వింటుందని అతని నమ్మకం.

"బావా, దీన్ని బీరువాలో పెట్టేద్దాం," అన్నాడు వచ్చీరాగానే.

"బీరువాలోనా? మీ అక్క చంపేస్తుంది."

"అక్క మార్కెట్‌కి వెళ్ళింది కదా, పదకొండు దాటితే గానీ రాదు. చుట్టూ రజాయిలు కుక్కి, తలుపేసి, ఏడు మీద పెడదాం. వైరు సందులోంచి బయటికి లాగుదాం. గదిలో మేస్టారికి వినపడుతుంది, పైన మేడంగారికి వినపడదు."

"పైకి వినపడనిది గదిలో మాత్రం ఎలా వినపడుతుందిరా?"

"బావా, నువ్వు మరీ లోతుకెళ్ళకు. ఇంకో సంగతి, వాల్వులు బాగా వేడెక్కాలి. ఎంత వేడెక్కితే అంత తీపి. ఇప్పుడే వేసి ఉంచుదాం."

వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం చాలు. అప్పటికి టైము తొమ్మిది. అయినా మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికితే దాని పొడవు కొలుస్తాడా? గదిలోని చెక్క బీరువాలో చలికాలం బట్టలన్నీ ఉన్నాయి. ఇద్దరూ పెట్టెను వాటి నడుమ దూర్చి, స్విచ్ వేసి, ఏడు మీద పెట్టి, చుట్టూ సందు లేకుండా రజాయిలు కుక్కి తలుపు బిగించారు. ఆ బట్టల మడత మడతలోనూ కలరా ఉండలున్నాయి. కళ్ళద్దాలాయన భార్య ఒకటి వేస్తే సరిపోయే చోట నాలుగు వేసే ఇల్లాలు.

చల్లగా ఉన్నంతసేపు కలరా ఉండ బుద్ధిమంతురాలు. గంటన్నరపాటు వెచ్చబెడితే మాత్రం ఊరు తిరగడానికి బయల్దేరుతుంది. పదిన్నరకల్లా ఆ ఘాటు, కాస్త ఉన్ని మాడిన వాసనను వెంటబెట్టుకుని, మెట్ల వెంబడి పై అంతస్తు చేరింది. పెద్ద మేడంగారికి వారం రోజులుగా జలుబు, ముక్కులు పూర్తిగా పట్టేశాయి. అంతలా పట్టేసిన ముక్కులోకి కూడా దూరిందంటే అది మామూలు వాసన కాదు, గ్యాసు అని ఆవిడ నిర్ధారించారు. తలుపు తలుపూ తడుతూ కిందికి దిగి కళ్ళద్దాలాయన తలుపూ తట్టారు.

ఇద్దరూ కలిసి వెళ్ళారు. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరిచారు.

"ఏమయ్యా, మీ ఇంట్లో ఏమైనా వెలిగించారా?"

"ఇంకా మొదలెట్టలేదండీ," అన్నాడు బావమరిది, బావ భుజం మీదుగా తల పెట్టి. "లోపల వేడెక్కుతోంది."

"ఏది వేడెక్కుతోంది?"

"పెట్టేనండీ. బీరువాలో పెట్టి తలుపేశాం, మీకేం ఇబ్బంది ఉండదు. పదకొండింటికి పది నిమిషాల పని. తర్వాత అంతా నిశ్శబ్దం."

పెద్ద మేడంగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరిద్దరూ ఇప్పుడే, ఈ క్షణమే కిందికి రండి!"

"అలాగేనండీ, పదకొండు దాటాక వచ్చేస్తాం," అని కళ్ళద్దాలాయన చేతులు జోడించి తలుపేసుకున్నాడు.

"చూశావా బావా, మర్యాదగా చెప్తే ఎవరైనా వింటారు," అన్నాడు బావమరిది.

మరో నిమిషానికి మేడంతా గంట మోగింది. రిటైరైనప్పుడు పెద్ద మేడంగారు బడి నుంచి తెచ్చుకున్న చేతిగంట అది. కళ్ళద్దాలాయన తలుపు తీసి తొంగిచూసే సరికి జనం బిలబిలమంటూ మెట్లు దిగిపోతున్నారు.

"మన మీద మీటింగు పెట్టినట్టున్నార్రా," అన్నాడు నీరసంగా.

"పెట్టుకోనీ. మేడ ఖాళీ అయింది కదా! ఇంక బీరువా ఎందుకు మనకి? బయటికి తీద్దాం."

బీరువా తలుపు తీయగానే వచ్చిన ఘాటుకు ఇద్దరికీ కళ్ళ నీళ్ళు ధారకట్టాయి. పెట్టె ముట్టుకుంటే చుర్రుమంది. రజాయి ఒకటి పెట్టె వెనకవైపు నల్లగా కమిలిపోయి ఉంది. దగ్గుతూ, తువ్వాలుతో పట్టుకుని పెట్టెను వీధివైపు కిటికీ గట్టు మీదికి చేర్చి, కిటికీ బార్లా తెరిచారు. కళ్ళద్దాలాయన అద్దాలు తీసి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. అద్దాలు లేకపోతే ఆయనకు రెండు బారల అవతల ఉన్నది మనిషో స్తంభమో తెలియదు. లోకానికంతా చూపు చక్కబెట్టే మనిషి సంగతి అదీ.

కింద వీధిలో పదిహేడు కుటుంబాలూ ఎత్తుల వారీగా రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. పెద్ద మేడంగారు అలా నిలబెట్టారు. ఫైరింజనుకు ఫోన్ చేసి, ఎవ్వరినీ గేటు దాటనివ్వడం లేదు. సరిగ్గా పదకొండింటికి వచ్చిన బ్యాండు మేస్టారిని రెండో వరసలో ఆఖరున నిలబెట్టారు. ఆ వెనకే కళ్ళద్దాలాయన భార్య కూరల సంచులతో వచ్చింది.

"మా ఆయన ఏరండీ?" అంది వరసలు వెతికి.

"లోపలే. ఎంత చెప్పినా రానన్నాడు. ఏదో పెట్టె వేడి చేస్తున్నాడట."

సంచులు రెండూ రోడ్డు మీద పడ్డాయి. "ఏవండీ! దిగి రండి! ఏవండీ!" అని ఆవిడ రెండు చేతులూ పైకెత్తి అరిచింది. అది చూసి మేస్టారు చేతులూపారు. ఆయన్ని చూసి వరసలు రెండూ చేతులూపాయి. "ఏమీ ముట్టుకోవద్దూ!" అని పెద్ద మేడంగారు గొంతు చించుకున్నారు.

రెండో అంతస్తు కిటికీలోంచి అద్దాల్లేని కళ్ళకు ఆ దృశ్యం మరోలా కనిపించింది.

"ఒరేయ్, కింద ఏదో ఊగుతోందేమిట్రా?"

"చేతులు బావా! మేస్టారు కూడా ఊపుతున్నారు! మొదలెట్టమంటున్నారు. అందరూ వినడానికే దిగినట్టున్నారు."

ఇంతమంది కళ్ళద్దాలాయన కోసం ఎప్పుడూ నిలబడలేదు. ఏం జరిగితే అది జరుగుతుందనుకుని గిటారు మెడలో వేసుకుని పెట్టె మీద చేయి వేశాడు. కింద జనమంతా ఒక్కసారి 'వద్దూ' అని నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆ హోరు ఆయన చెవికి చప్పట్లలా సోకింది. నాబ్ ఏడు మీదే ఉందని వేలితో తడిమి చూసుకుని, మొదటి తీగ మీటాడు.

రెండు గంటలపాటు కాగి ఉన్న పెట్టె ఒక్కసారి నోరు విప్పింది. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆ స్వరం సాగి, అంచున కాస్త గరగరలాడి, తీయగా ఆగింది. ఆరు నెలలుగా ముసుగు కింద నలిగిన రాగమంతా ఆయన వేళ్ళలోంచి ఉరికి వచ్చింది. నెమ్మదిగా మొదలైన పాట పోనుపోను వేగం అందుకుంది. తను ఇంత బాగా వాయించగలడని ఆయనకే తెలియదు. పది నిమిషాలనుకున్నది ఇరవై అయింది. కింద చేతులన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఫైరింజను వచ్చి, గంట ఆపుకుని, అది కూడా వింది.

పాట అయ్యాక ఫైరాఫీసరు పైకి వెళ్ళి, గది గదీ వాసన చూసి కిందికి వచ్చాడు. "గ్యాసు లేదు, ఏం లేదండీ. కలరా ఉండలు. రజాయి ఒకటి కమిలింది. అదృష్టవంతులు, ఇంకో అరగంట ఉంచితే అంటుకునేది," అన్నాడు.

బావమరిది కిటికీలోంచి ఆ మాట వినగానే పని గుర్తొచ్చి వెనక మెట్లు దిగాడు. కళ్ళద్దాలాయన ఒక్కడే వీధిలోకి వచ్చి పెద్ద మేడంగారి ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"క్షమించండి మేడంగారూ. పెట్టె రేపే తీసేస్తాను."

"పెట్టె సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు. ఇప్పుడు వాయించావే, ఇది ఎప్పట్నుంచి వచ్చు నీకు?"

"ఆరు నెలలుగా ఇదే వాయిస్తున్నానండీ. మీరు తగ్గించమంటే తగ్గించి..."

"తగ్గించమని నేనెప్పుడన్నాను? ఆ చప్పుడు సంగతి చూడమన్నాను. మీ ఇంట్లో ఫ్రిజ్ మోటారు చెడిపోయింది, బాగు చేయించుకోండి అని దానర్థం! నువ్వు ఎంత తగ్గిస్తే అంత దరిద్రంగా మోగింది. ఆ రొద భరించలేక చెవుల్లో దూది పెట్టుకు తిరిగాను నేను."

ఆయన దిక్కులు చూశాడు. పక్కనే భార్య కళ్ళు తుడుచుకుంటోంది. "నిజం చెప్పాలంటే నేనూ ఫ్రిజ్ అనే అనుకున్నానండీ. మీరు ఊరికే గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారనుకున్నా," అంది. తర్వాత ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. "ఎంత బాగా వాయించారు! రజాయి సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

పెద్ద మేడంగారు అక్కడే, వరసలు చెదరకముందే, సంఘం సమావేశం జరిపేశారు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు కళ్ళద్దాలాయన గిటారు వాయించుకోవచ్చు, అయితే నాబ్ ఏడుకు ఒక్క గీత కూడా తగ్గరాదు అని తీర్మానం. పదిహేడు కుటుంబాలూ చేతులెత్తాయి. అలవాటైపోయి ఫైరాఫీసరు కూడా ఎత్తాడు. బ్యాండు మేస్టారు మాత్రం చేయెత్తకుండా వరసలోంచి బయటికి వచ్చి కళ్ళద్దాలాయన భుజం తట్టారు.

"శనివారం నాలుగింటికి రిహార్సల్. పెట్టె కూడా అదే తీసుకురండి."

కళ్ళద్దాలాయన ఆ వారమంతా ఎవరి కంటి నంబరూ తప్పు రాయలేదు. శనివారం మూడున్నరకే హాలుకు చేరి, పెట్టెను గోడవారగా పెట్టి, మిగతా తొమ్మిదిమంది మధ్య తన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వెనక గిటారు అని రాసిన కాగితం అంటించి ఉంది. దాన్ని ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చదువుకున్నాడు. పాట మొదలైంది. పక్కనే డ్రమ్ములు పిడుగులు పడ్డట్టు మోగాయి. రెండో చరణంలో డ్రమ్ములాయన ఇటు వంగి, "సార్, మీది వినపడటం లేదు, కొంచెం పెంచండి," అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఒక మనిషి తనను శబ్దం పెంచమని అడిగినందుకు కళ్ళద్దాలాయన పొంగిపోయి నాబ్ వైపు చేయి చాచాడు. అప్పటికే అది పది మీద ఉంది.