ఆరో పేజీలో మా ఊరు

మా పక్కింటి సుబ్బరావమ్మ గారికి ఆవిడ ఆడపడుచు ఫోన్లో చెప్పిందట. ఆ ఆడపడుచుకి పిడుగురాళ్ల బస్టాండులో ఎవరో చెప్పారట. ఆ ఎవరో కంప్యూటర్లో కళ్లారా చూశారట. సంగతేమిటంటే, మా యర్రచేలపాలెం ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, సొంత మర మీద పట్టి అమ్మే కారం దొంగ కారమట! అసలు కారం వేరే ఉందట!

"ఊళ్లోవాళ్లే గదా అనుకున్నామండీ ఇన్నాళ్లూ! కంప్యూటర్లో పైన కంపెనీదే వచ్చిందంట. వీళ్లది అడుగున ఎక్కడో పడుందంట. ఆ పేరు కూడా కంపెనీదేనంట, వీళ్లు కొట్టేశారంట!" అని ప్రహరీగోడ మీంచి చెప్పి, పొయ్యి మీద కూర మాడుతోందంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. కంప్యూటర్ పైన చూపించింది అసలు, కింద చూపించింది నకలు. ఇంతకంటే సులువైన న్యాయం ఏ కోర్టులో దొరుకుతుంది?

అయ్యా, అమ్మా! ఈ సెర్చ్ ఇంజన్ అనేది మనలాంటి వాళ్లకు దొరికిన వరమని నేను గట్టిగా వాదించదలచుకున్నాను. తిట్టేవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

పూర్వం ఒక వస్తువు మంచిదో కాదో తెలుసుకోవాలంటే ఎంత శ్రమ! చేత్తో నలపాలి, వాసన చూడాలి, నాలిక మీద వేసుకోవాలి, అమ్మేవాడి మొహం చూడాలి. ఇప్పుడా? పిడుగురాళ్ల వెళ్లి, మాబు ఇంటర్నెట్ సెంటర్లో కూచుని, కీబోర్డు మీద పేరుకున్న సున్నం బట్టీల దుమ్ము ఒకసారి ఊది, పేరు కొడితే చాలు. ఎవరు గొప్పో వరస పెట్టి చూపిస్తుంది. ఎవరి పేరు జనం నోళ్లలో ఎక్కువ నానుతోందో వాళ్లను ముందు నిలబెడుతుంది. టీవీలో కనపడేవాడు ముందు, పేపర్లో పడేవాడు ఆ తర్వాత, నోరు మూసుకుని పని చేసుకునేవాడు చివర. ఇందులో తప్పేముంది? పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి మనం మాత్రం ఎవర్ని పిలుస్తున్నాం?

ఆమధ్య కనిగిరి కోట గురించి తెలుసుకుందామని కొట్టాను. ఆ కొండ మీద కోట ఎన్ని వందల ఏళ్లుగానో ఉంది. ఉంటే? వెబ్‌సైటు పెట్టుకుందా? టీవీలో ప్రకటన ఇచ్చిందా? అందుకని దానికంటే ముందు, పేరులో కోట తగిలించుకున్న ఇళ్లస్థలాల వెంచర్ ఒకటి వచ్చింది. ఈతకొలను, క్లబ్ హౌసు, ఈశాన్యం గేటు! రాళ్లు ఊడుతున్న కోట కోసం మిట్టమధ్యాహ్నం కొండెక్కే శ్రమ తప్పించినందుకు ఇంజన్‌కి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంకోసారి పత్తిలో పచ్చపురుగుకి మందేమిటని అడిగాను. పది జవాబులొచ్చాయి. పదీ ఒకే పురుగుమందుల కంపెనీని పొగుడుతున్నాయి. ఆ మందు నేను అప్పటికే మూడుసార్లు కొట్టాను. పురుగులు దాన్ని తాగి కాస్త ఒళ్లు కూడా చేశాయి. అయినా పదిమందీ ఒకే మాట చెప్తుంటే తప్పు పురుగులదేనని తెలిసిపోయింది. నాలుగోసారి కొట్టాను!

ఈ ఇంజన్ ఎక్కడో సముద్రాల అవతల పుట్టిందంటారు. నేనొప్పుకోను. ఇది మా పిడుగురాళ్ల విత్తనాల కొట్టు ముందు పుట్టింది. జూన్ వస్తే చాలు, మా వాళ్లు కొట్టు తలుపు తీయకముందే లైన్లో నిలబడతారు. "ఏ విత్తనంరా?" అని అడిగి చూడండి. "ఏమో, అందరూ దీనికే నిలబడ్డారు" అంటారు. లైను పొడుగైన కొద్దీ విత్తనం గొప్పదవుతుంది. ఎవడో తెల్లవాడు ఆ దారిన పోతూ ఈ లైను చూసి, ఇంటికెళ్లి కంప్యూటర్లో పెట్టుకున్నాడని నా అనుమానం.

సరే, కారం సంగతికొద్దాం.

మా ఊరి మిర్చికి గుంటూరు యార్డులో మంచి పేరుంది. ఆ పేరు విన్న ఒక పట్నం మసాలా కంపెనీ 'యర్రచేల కారం' అని ప్యాకెట్లు వేసింది. సినిమా అమ్మాయి చేత టీవీలో 'అబ్బా!' అనిపించింది. ఆ కంపెనీవాళ్లు మా కల్లాల్లో ఒక్క టిక్కీ బస్తా మిర్చి కొన్నట్టు ఎవరికీ గుర్తు లేదు. అయితేనేం? ఊరు ఊరకే వాడుకుంటున్న పేరుని వాళ్లు పైకి తెచ్చారు. కృతజ్ఞత ఉండక్కర్లా?

ఇటు మా సంఘం చూడండి. పన్నెండుమంది ఆడవాళ్లు. లీడరు రహమతున్నీసా. కల్లంలో తాలుకాయ ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి, పట్టిన కారాన్ని సంచిలో పోసి ఊరి పేరు రాసి అమ్ముతారు. సినిమా అమ్మాయి లేదు. 'అబ్బా' అనేది తిన్నవాళ్లే.

పోయిన వేసవిలో వాళ్లకొక బేరం తగిలింది. ఒంగోలు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లకు సరుకులు కొనే జయరావు గారు మా ఊరొచ్చి, చిటికెడు కారం నాలిక మీద వేసుకుని, రెండుసార్లు తుమ్మి, కళ్లు తుడుచుకుని "ఇదమ్మా కారమంటే!" అన్నారు. ఆ బేరం కుదిరితే మర ఏడాది పొడుగునా తిరుగుతుంది. కుదరకపోతే సంక్రాంతి తర్వాత మూడు నెలలు తిరిగి ఆగిపోతుంది. మిగతా రోజులు ఆ పన్నెండుమందీ తెల్లారకముందే లారీ ఎక్కి గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ఎవరి మిర్చికో తొడిమలు తీయడానికి పోవాలి. సంగతంతా అంతే.

వారం తిరక్కుండా జయరావు గారు మళ్లీ వచ్చారు. మొహం అదోలా పెట్టుకుని అరుగు మీద కూచున్నారు.

"నెట్‌లో చూశానమ్మా. యర్రచేల కారం అంటే కంపెనీవాళ్లు వస్తున్నారు. మీరు రావట్లేదు."

"మేం ఇక్కడే ఉన్నాం గదండీ" అంది రహమతున్నీసా.

"నెట్‌లో అంటున్నానమ్మా. రేపు పిల్లల తల్లిదండ్రులెవరన్నా డూప్లికేట్ కారం పెడుతున్నారంటే నేనేం చెప్పను?"

"అది మా ఊరి పేరండీ. ఊరి పేరు కంపెనీదెట్టా అయిద్ది?"

"నెట్‌లో అలా లేదమ్మా" అన్నారు జయరావు గారు. మంచి మనిషి. వెళ్తూ వెళ్తూ, కాలేజీ తెరిచేలోపు సంఘం పేరు పైకొస్తే చూద్దామన్నారు.

రహమతున్నీసా తిన్నగా మాబు దగ్గరికి వెళ్లింది. సంఘానికి ఊరికే ఒక పేజీ చేసిపెట్టింది మాబే. అతను వెతికి వెతికి ఆరో పేజీలో, ఏదో కబడ్డీ పోటీల వార్త కింద చూపించాడు. పైనున్నవన్నీ కంపెనీవి. కంపెనీ, కంపెనీ ప్రకటన, కంపెనీని పొగిడిన పేపరు, కంపెనీ పెట్టించిన ముగ్గుల పోటీ!

"దీన్ని పైకెట్టా తేవాలిరా?"

"ఎంతమంది అడిగితే, ఎంతమంది నొక్కితే, ఎంతమంది దాని గురించి రాస్తే అంత పైకొచ్చిద్ది పిన్నీ. పేరున్నోళ్లంటేనే దానికి నమ్మకం."

ఈ మాట ఊళ్లోకొచ్చి మాజీ వార్డు మెంబరు యలమంద చెవిన పడింది. ఆయన పాతికేళ్లుగా ప్రతి ఎన్నికలోనూ ఏదో ఒక పార్టీకి ఏజెంటు. తొడ చరిచాడు.

"ఓసి, ఇంతేనా! ఇది ఓట్ల పనే. ఇన్నాళ్లూ నాకు చెప్పరేంది? నాకొదిలెయ్యండి!"

పాఠకులారా, ప్రజాస్వామ్యం అంటే ఏమిటో చూడాలంటే మే నెల ఆఖరి ఆదివారం మీరు పిడుగురాళ్లలో ఉండాల్సింది. ఆరు ట్రక్కు ఆటోలు. మగవాళ్లకొక లైను, ఆడవాళ్లకొక లైను. సంఘం ఆడవాళ్లు కలిపిన పులిహోర పొట్లాలు. యలమంద చేతిలో ఓటర్ల జాబితా! పేరు పిలిచి, టిక్కు పెట్టి, ఒక్కొక్కర్నీ లోపలికి పంపాడు. ఊళ్లో లేనివాళ్ల తరఫున వాళ్ల అన్నదమ్ములు నొక్కారు. పోయినేడు కాలం చేసిన ఒక పెద్దాయన కూడా నొక్కారని రికార్డులో ఉంది. ఒక ముసలమ్మ బయటికొచ్చి చూపుడువేలు చాపి, సిరా పుయ్యందే కదలనని కూచుంది. మాబు పెన్ను ఇంకు రాసి పంపాడు. మా సుబ్బరావమ్మ గారు కూడా పట్టుచీర కట్టుకుని వెళ్లి నొక్కొచ్చారు. మధ్యలో గంటన్నర కరెంటు పోయినా ఒక్కరు లైను వదల్లేదు.

యలమంద ఇచ్చిన సూచన ఒకటే. "ఊరి పేరు కొట్టి ఉండిద్ది. పేరు కనపడగానే నొక్కాలి, పక్కకి జరగాలి. ఆలోచిస్తా కూచోవద్దు, ఎనకాల జనం ఉన్నారు."

సాయంత్రం నాలుగింటికి పోలింగ్ ముగిసింది. మూడువందల పన్నెండు! యలమంద మెళ్లో ఎవరో తువ్వాలు వేశారు. అప్పుడు మాబు ఎవరెవరు దేన్ని నొక్కారో కంప్యూటర్లో తీసి చూశాడు. చూసి, చాలాసేపు మెడ రుద్దుకున్నాడు.

"ఏందిరా?" అన్నాడు యలమంద.

"అందరూ పైదాన్నే నొక్కారు బాబాయ్."

"పైన ఊరి పేరుందిగా!"

"ఉంది. కంపెనీది. మనది ఆరో పేజీ గదా. ఎవరూ కిందికి పోలేదు."

"ఒక్కరు గూడానా?"

"మూడువందల పదిమంది కంపెనీకే నొక్కారు. మనకి ఇద్దరు. నేనూ, రహమతున్నీసా పిన్నీ."

చూశారా ఇంజన్ గొప్పతనం! మూడువందల పదిమంది పల్లెటూరివాళ్లు, పులిహోర తిన్నవాళ్లు, సంఘాన్ని గెలిపించాలని ఎండనపడి వచ్చినవాళ్లు, తీరా ఎదట కూచున్నాక ఎవరు గొప్పో దాని మాటే విన్నారు. వాళ్లంతట వాళ్లు నొక్కారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఏ పార్టీకైనా సాధ్యమా ఇది?

కంపెనీ మాత్రం మర్యాద తెలిసింది. మాబు ఊహ ఏమిటంటే, పట్నంలో కూచున్న వాళ్లెవరో ఆ ఆదివారం లెక్క చూసుకుని, పిడుగురాళ్ల చుట్టుపక్కల తమ కారానికి ఇంత గిరాకీ ఉందా అని ఆశ్చర్యపోయి ఉంటారట. పదిహేను రోజుల్లో మా ఊళ్లోకి మైకు కట్టిన వ్యాను వచ్చింది. 'మీ ఆదరణకు ధన్యవాదాలు' అని గుడ్డ కట్టింది. పిల్లలకు ఎర్ర బెలూన్లు పంచింది. కిరాణా కొట్టు గుమ్మానికి యర్రచేల కారం ప్యాకెట్లు తోరణంలా వేలాడాయి. మా ఊరి కారం మా ఊరొచ్చిందన్న మాట! ఆ సంబరాన్నంతా కంపెనీ ఫొటోలతో సహా నెట్‌లో పెట్టుకుంది. ఆ పేజీలన్నీ కలిసి సంఘాన్ని ఆరో పేజీ నుంచి తొమ్మిదికి నెట్టాయి.

కాలేజీ తెరిచారు. జయరావు గారు బేరం కంపెనీకి ఇచ్చారు. సంఘానికి ఫోన్ చేసి, "నా చేతిలో ఏం లేదమ్మా. మా ఇంటికి మాత్రం రెండు కిలోలు పంపండి" అన్నారు. ఆయన నాలికకి ఇంకా ఇంటర్నెట్ కనెక్షన్ రాలేదనుకుంటాను.

మర ఆగింది. గుంటూరు లారీ మళ్లీ మా ఊరి మలుపులో ఆగడం మొదలుపెట్టింది.

మొన్న పొద్దున పాలకేంద్రం దగ్గర మా వాళ్లంతా చేరారు. లారీ రావడానికి ఇంకా కాస్త టైముంది. సంఘం ఆడవాళ్లు అన్నం క్యారేజీలు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. వాళ్లను చూసి యలమంద తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మనిషి మెత్తనివాడు.

"తప్పంతా ఆ మిషన్‌ది. పేరున్నోణ్ణి పైకెత్తిద్ది, లేనోణ్ణి తొక్కిద్ది. దానికి నాలికుందా? ముక్కుందా? ఎదురుగా ఉన్న మంచి సరుకు దానికి కనపడదు. పైనోడు పైనే, కిందోడు కిందే! పాపం, వీళ్ల నోటికాడ కూడు లాగేసింది."

అందరం తలలూపాం. బహుశా నేనే గట్టిగా ఊపి ఉంటాను.

రహమతున్నీసా అన్నం క్యారేజీ కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మిషన్‌ని ఎందుకు తిడతావులే యలమందా. పోయిన మాఘంలో నీ కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఊరందరం తిన్నాం. కూరల్లోకి ఏ కారం తెప్పించావు?"

యలమంద జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, రాని ఫోన్ కోసం దాన్ని చూశాడు. సుబ్బరావమ్మ గారు చెంబు మూత సరిచేసుకున్నారు. నాకెందుకో మా వంటింటి అలమరలో ఉన్న ప్యాకెట్ మనసులో మెదిలి, కొలతగిన్నెలో పాల నురగ వైపు తల తిప్పుకున్నాను. మలుపులో లారీ హారన్ వినిపించింది.

రహమతున్నీసా క్యారేజీ చేతికి తీసుకుంది.

"మా మర మీ ఇంటికి మూడో ఇల్లు. ఆ రెండిళ్లు దాటి ఎందుకు రాలేదో చెప్పు."