గోంగూరకు కామెర్లు

పరాయి దేశంలో బతికేవాడికి పెంచుకున్న మొక్క జబ్బు పడటం కంటే మహాభాగ్యం మరొకటి లేదు. ఆరోగ్యంగా ఉన్న మొక్కను ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? అదే ఒక్క ఆకు పసుపుబారనివ్వండి, రెండు వందల పన్నెండు మంది ఆప్తులు పుట్టుకొస్తారు. పక్క ఫ్లాటులో మనిషికి జ్వరమొచ్చినా తలుపు తట్టని ఈ రోజుల్లో ఇంత ప్రేమ ఊరికే దొరుకుతుందా? నమ్మనివాళ్లు మస్కట్‌లోని దార్సైట్ పేటలో ఉండే వీరబ్రహ్మం సంగతి వినాలి.

వీరబ్రహ్మానిది తెనాలి వైపు. అక్కడే ఒక కంపెనీలో బిల్డింగుల డ్రాయింగులు గీస్తాడు. భార్య సింధూజతో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురం. మనిషి ఎంత నెమ్మదంటే, పచ్చ లైటు పడ్డాక కూడా అది నిజంగా పచ్చేనా అని ఓ క్షణం ఆలోచించి గానీ కారు కదిలించడు. అలాంటివాడు ఫిబ్రవరిలో ఒక ఖాళీ పెయింట్ బకెట్‌లో మట్టి పోసి గోంగూర గింజలు చల్లాడు. నెల తిరిగేసరికి మొక్కలు మోకాలెత్తుకొచ్చాయి. పొద్దున్నే వాటి పక్కన నిలబడి టీ తాగుతుంటే, ఆ ఆరడుగుల బాల్కనీలో అతనికి రెండెకరాల ఆసామినన్న ధీమా కలిగేది.

మార్చి చివర్లో అడుగాకులు పసుపుబారాయి. నాలుగు రోజులకు పై ఆకుల అంచులు కూడా మాడటం మొదలైంది. వీరబ్రహ్మానికి అన్నం సహించలేదు. ఫోటో తీసి రెండు వందల పన్నెండు మంది ఉన్న ‘మస్కట్ మన పెరడు’ అనే వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘పెద్దలు దయచేసి సలహా ఇవ్వగలరు’ అని రాశాడు.

పెద్దలు దయ చూపించారు. గంటలోపే పదిహేడు రోగాలు తేలాయి. నత్రజని చాల్లేదని ఒకరు, ఎక్కువైందని ఒకరు. ఇనుము తక్కువైంది కాబట్టి తుప్పు మేకులు గుచ్చమని ఇంకొకరు. బౌషర్‌లో పళ్ల డాక్టరుగా ఉన్నాయన రంగు చూసి కామెర్లన్నాడు. ఎవరో ఆవిడ ఇది ముమ్మాటికీ దిష్టి అని తేల్చి, నిమ్మకాయ కట్టమంది. తాను జీవితంలో ఒక్క మొక్క కూడా పెంచలేదని ముందుగా ఒప్పుకుని మరీ సలహా ఇచ్చిన సజ్జనులు ముగ్గురున్నారు.

వీరబ్రహ్మం ఎవరి మనసూ నొప్పించే రకం కాదు. అందరి మందులూ వేశాడు. సోమవారం యూరియా, మంగళవారం మజ్జిగ, బుధవారం అరటితొక్కల నీళ్లు. మేకులు గుచ్చాడు, నిమ్మకాయ కట్టాడు. ఏ మందు వేసినా దాని వెనుక రెండు చెంబుల నీళ్లు పోయమన్నారు కనుక అవీ పోశాడు.

“అది మొక్కండీ, అత్తారింటికొచ్చిన అల్లుడు కాదు. పూటకొకటి పెట్టకండి” అంది సింధూజ.

ఆకులు ఇంకా పసుపుబారాయి.

అప్పుడు సీబ్ నుంచి గంగాప్రసాద్ రంగంలోకి దిగాడు. ఆయన దగ్గర మొక్క ఫోటో చూపిస్తే జాతకం చెప్పే యాప్ ఉంది. మనుషుల మాట మనుషులు వినని కాలంలో యంత్రం మాట అందరూ వింటారు, అది కూడా ఒక వరమే. గంగాప్రసాద్ యాప్ చెప్పిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టాడు. మొక్క పేరు: గంజాయి. నమ్మకం: తొంభై నాలుగు శాతం. జబ్బు: నత్రజని లోపం. కింద ఒక సూచన కూడా ఉంది. సరైన ఎరువు వేస్తే మొగ్గల దిగుబడి రెట్టింపవుతుందట.

అయిదు వేళ్లలా విచ్చుకున్న ఆ ఆకును అందరూ రెండోసారి చూసినట్టున్నారు. ఇక్కడ ఆ మొక్క ఒక్కటి దొరికితే ఏమవుతుందో తెలియనివాళ్లెవరూ లేరు. ముందు కామెర్లు మాయమయ్యాయి. తర్వాత యూరియా, ఆ తర్వాత దిష్టి. ‘ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది’ అన్న మాట పదిహేడు సార్లు వరుసగా పడింది. చివరికి అడ్మిన్ రఘుపతి వీరబ్రహ్మాన్ని గ్రూపులోంచి తీసేశాడు. రఘుపతి ఒక పెద్ద కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ప్రమాదం ఎక్కడుంటే అక్కడ తాను లేకుండా చూసుకోవడంలో ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం.

ఆరేళ్లుగా పండక్కీ పబ్బానికీ కలుస్తున్న మనుషుల్లో ఒక్కరూ ఫోన్ చేసి ఇదేంటని అడగలేదు. అది వీరబ్రహ్మానికి ఎక్కడో గుచ్చుకుంది.

“గోంగూరేగా. మనకు తెలీదా?” అంది సింధూజ. “మొన్న నా గాజు ఫోటో తీస్తే ఇలాంటి యాపే కారు స్టీరింగ్ అంది.”

అతనికి ధైర్యం చాల్లేదు. రుజువు కోసం గోంగూర శాస్త్రీయ నామం వెతికాడు. అందులో సాక్షాత్తూ ‘కన్నాబినస్’ అన్న ముక్క కనిపించింది. గంజాయి ఆకు పోలికను బట్టి ఏ శాస్త్రవేత్తో సరదాకి పెట్టిన పేరది. ఆ సరదా ఇప్పుడు తెనాలివాడి మెడకు చుట్టుకుంది. మర్నాడు ఆఫీసులో ఒమానీ మేనేజరు మామూలుగా “కైఫ్ హాలక్?” అని కుశలమడిగితే, వీరబ్రహ్మం “నాకేం తెలీదు సార్” అని జవాబిచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం, వీధి ఖాళీగా ఉండే నమాజు వేళ చూసి, బకెట్‌కి దుప్పటి చుట్టి కిందికి దిగాడు. సందు చివర మున్సిపాలిటీ చెత్తడబ్బా ఉంది. అక్కడిదాకా ఎవరూ ఎదురు కాలేదు. బకెట్ ఎత్తబోతుండగా దుప్పటి జారింది.

“ఏం సార్, పుంటికూర పారవోస్తున్నరా?”

వీరబ్రహ్మం గబుక్కున దుప్పటి అందుకుని తిరిగాడు. వెనక ఒక నడివయసు మనిషి. చొక్కా ఇస్త్రీ చేసుంది, నుదుట గుడి బొట్టుంది, చేతిలో ప్రసాదం పొట్లం.

“పుంటికూర కాదు... ఇది గోంగూర” అన్నాడు వీరబ్రహ్మం, వాంగ్మూలం ఇస్తున్నవాడిలా.

“గదే సార్. మీ దిక్కు గోంగూరంటరు, మా దిక్కు పుంటికూరంటం.”

ఆ మనిషి పేరు లింబాద్రి. ఆర్మూరు పక్క ఊరు. పంతొమ్మిదేళ్లుగా సీబ్‌లో విల్లాల తోటలు చూస్తున్నాడు. శుక్రవారం డ్యూటీ లేకపోతే బస్సెక్కి దార్సైట్ గుడికి వస్తాడు. ప్రసాదం జేబులో పెట్టుకుని కింద కూర్చుని, మట్టిలో వేలు గుచ్చి వాసన చూశాడు. తుప్పు మేకులు ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాడు. నిమ్మకాయను మాత్రం మర్యాద కొద్దీ ముట్టుకోలేదు. బకెట్‌ను పక్కకు వంచి అడుగు తడిమాడు.

“కింద బొక్క లేదేంది సార్?”

ఉండేది. నెల కిందట, కింది అంతస్తులో ఉండే తయ్యబా అనే ఆవిడ తను ఆరేసుకున్న బట్టల మీద బురదనీళ్లు కారుతున్నాయని చెప్తే, వీరబ్రహ్మమే సిలికాన్‌తో ఆ చిల్లు మూసేశాడు. ఆ సంగతి గొణుగుతూ చెప్పాడు.

“మరి నీళ్లెటు పోతయ్ సార్? మీరు పోసుడు పోస్తనే ఉన్నరు. ఏర్లు మురిగినయ్. దీనికి రోగమేం లేదు, ఊపిరాడుత లేదు.”

జేబులోంచి చిన్న చాకు తీసి సిలికాన్ ముక్కను పెకిలించాడు. నల్లటి నీళ్లు బుడబుడమంటూ రోడ్డు మీదికి కారాయి. పదిహేడు మంది వైద్యం ఆ నీళ్లలో ఉంది.

“కింద పళ్లెం పెట్టుండ్రి, కిందోళ్ల బట్టల మీద పడవు. మంచి ఆకు ఇప్పుడే తెంపి వండుకోండ్రి. వారం దాకా నీళ్లు పొయ్యకుండ్రి.”

“ఇంకేం మందు వెయ్యాలి?”

“ఏం వద్దు సార్. జర ఇడిశిపెట్టుండ్రి దాన్ని.”

ఇద్దరూ బకెట్ మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కారు. సింధూజ లింబాద్రిని భోజనం చేసి గానీ కదలనివ్వలేదు.

మూడు వారాలకు బకెట్ నిండా కొత్త చిగుళ్లు వచ్చాయి. సింధూజ పచ్చడి నూరి నాలుగు సీసాలకెత్తి, ఒకటి రఘుపతి ఇంటికి పంపింది. అది తిన్నాక ఆ మొక్క ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరికీ సందేహం మిగల్లేదు. సాయంత్రానికి వీరబ్రహ్మం మళ్లీ గ్రూపులో ఉన్నాడు. ‘వెల్కమ్ బ్యాక్’ అంటూ రెండు వందల మంది చేతులు జోడించారు. పళ్ల డాక్టరు, తానైతే మొదట్నుంచీ గోంగూరేనని అంటున్నానన్నాడు.

వీరబ్రహ్మం ఆ ఉత్సాహంలో రఘుపతికి ఒక మెసేజ్ పెట్టాడు. లింబాద్రి అని ఒకాయన ఉన్నారు, మొక్కల సంగతి ఆయనకు తెలిసినట్టు మనలో ఎవరికీ తెలీదు, గ్రూపులో చేర్చుకుందామని.

తర్వాతి శుక్రవారం లింబాద్రి వీరబ్రహ్మం ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు రఘుపతి ఫోన్ చేశాడు.

“మీరు చెప్పిన ఆయన ఏం చేస్తుంటారండీ? హార్టీకల్చర్ కన్సల్టెంటా?”

“కాదండీ. విల్లాల్లో తోటపని చేస్తారు.”

“ఓహో” అన్నాడు రఘుపతి. “అంటే, మనది ఫ్యామిలీస్ ఉండే గ్రూపు కదండీ. లేడీస్ ఉంటారు. ఒకళ్లని చేరిస్తే రేపు లేబర్ క్యాంపుల్లోంచి అందరూ వస్తామంటారు. మీకు తెలియంది కాదు.”

వీరబ్రహ్మం ఎదురుగా చూశాడు. లింబాద్రి ఎడమచేత్తో తన ఫోన్ ఎత్తి పట్టుకుని, ఊళ్లో ఉన్న భార్యకు వీడియోలో కంచం చూపిస్తున్నాడు. “సూడు, పుంటికూర తొక్కు. ఈ చెల్లె నూరింది” అంటున్నాడు. సింధూజ పక్కన నిలబడి ఆవిడను పలకరిస్తోంది.

“ఒక పని చేద్దాం” అన్నాడు రఘుపతి. “ఆయన నంబరు గ్రూపులో పెట్టండి. మావాళ్ల మొక్కలు చాలా వాటికి ఏదో తెగులొచ్చింది. శుక్రవారాలు ఖాళీయేగా, ఒక్కో ఇంటికీ వచ్చి చూసి పోతాడు. డబ్బులేం అడగడుగా?”

పచ్చ లైటును కూడా అనుమానించే వీరబ్రహ్మం ఈసారి అరక్షణం కూడా ఆలోచించలేదు.

“లేదండీ” అన్నాడు. “ఆయనకు ఫోన్ లేదు.”