బతికున్న ఫ్రిజ్‌కు మరణ ధ్రువపత్రం

ఒక ప్రభుత్వం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే అది పాత ఫ్రిజ్‌లను ఎలా సాగనంపుతుందో చూడాలి. ఆ లెక్కన మనది ప్రపంచంలోకెల్లా మహా నాగరికమైన ప్రభుత్వం. మనకు విశ్రాంత గృహోపకరణాల సంక్షేమ శాఖ ఉంది. దానికో మంత్రి, మంత్రికో సలహాదారు, సలహాదారు గదికి రెండు ఏసీలు ఉన్నాయి. (పేరులో సంక్షేమం ఉన్నాక ఎవరికో ఒకరికి క్షేమం ఉండితీరాలి కదా.)

ఈ శాఖ తెచ్చిన పథకం పేరు 'ఒక గడప, ఒక చలువ'. కరెంటు ఆదా కోసం ఒక ఇంట్లో ఒక్క ఫ్రిజ్ మాత్రమే బతికి ఉండాలి. కొత్తది కొన్నవాళ్లు పాతది పోయినట్టు 'శీతల మిత్ర' అనే యాప్‌లో మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే కొత్త ఫ్రిజ్ దానంతటదే ఆగిపోయి, తలుపుకు తాళం వేసుకుంటుంది. నాలాంటివాళ్లం 'పోయింది' అని నొక్కేసి, పాతదాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేసి హాయిగా ఉన్నాం. చిక్కల్లా మా బావ లాంటి సత్యసంధులతోనే.

మా అక్క భర్త కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. పగలంతా జనానికి చూపు సరిచేసి, సాయంత్రం బాల్కనీలో కూర్చుని చిన్న చిన్న చెక్క ఓడలు చేసి రంగులేస్తాడు. కుంచెతో వేస్తే గీతలు పడుతున్నాయని గాలితో రంగు చిమ్మే తుపాకీ కొన్నాడు. దానికి గాలి పంపు కావాలి. బజారు పంపు మోతకు పక్కింటి గోడలు బీటలు వారతాయి. సరిగ్గా అప్పుడే వాళ్ల పాత ఫ్రిజ్ తుప్పుపట్టి చల్లబరచడం మానేస్తే కొత్తది కొన్నారు. బావ మెకానిక్‌ను పిలిచి, పాతదాన్లో గ్యాసు జాగ్రత్తగా తీయించి, వెనకాల నల్ల కుండలా ఉండే కంప్రెసర్‌ను విప్పించుకున్నాడు. గాలి పీల్చే గొట్టానికి ఒక జల్లెడ, వదిలే గొట్టానికి గట్టి పైపు, ఆ చివర ఒక ఇనుప ట్యాంకు, ఒత్తిడి చూపే ముల్లు, ఒత్తిడి మితిమీరితే తనంతట తెరుచుకునే వాల్వు అమర్చాడు. స్విచ్ వేస్తే పిల్లి గుర్రుపెట్టినంత చప్పుడు. లారీ టైరుకైనా గాలి కొట్టేస్తుంది. ఆ రోజంతా బావ కాలు నేల మీద నిలవలేదు.

ఆ ఊపులోనే యాప్ తెరిచాడు. 'మరణించిన ఉపకరణం అవయవాలేవైనా పనిచేస్తున్నాయా?' అని అడిగింది. ఇంత చక్కని ప్రశ్న ఆయన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. 'అవును, అద్భుతంగా' అని రాసి, వీడియో కూడా జతచేశాడు.

తెల్లారేసరికి కొత్త ఫ్రిజ్ ఆగిపోయింది. తలుపు రాలేదు. లోపల బావ వాళ్లమ్మ ఇన్సులిన్ ఉంది, నెలకు సరిపడా.

"అడిగినదానికల్లా నిజం చెప్పడమేం రోగమండీ మీకు? కూర ఎలా ఉందంటే మాత్రం బ్రహ్మాండం అంటారుగా!" అంది అక్క.

"అధికారికంగా అడిగారే..." అని నసిగాడు బావ.

బావా నేనూ శాఖ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ మరణాల విభాగం గుమస్తా ఫ్యాను కింద కూర్చుని, తన ముందున్న జనాన్ని అప్పుడప్పుడూ తలెత్తి చూసి, ఇంకా ఉన్నారని నిర్ధారించుకుని మళ్లీ తల దించుకుంటున్నాడు. మా వంతు వచ్చింది.

"అది ఫ్రిజ్ కాదండీ, గాలి పంపు" అన్నాడు బావ.

"గుండె కొట్టుకుంటోందా?"

"అంటే... నడుస్తోంది."

"చట్టంలో కంప్రెసర్ ఎక్కడుంటే ఫ్రిజ్ అక్కడున్నట్టే. బతికున్నదానికి మరణ ధ్రువపత్రం ఇమ్మంటారేంటండీ? రేపు మీ పక్కనున్న ఆయనకూ ఇమ్మంటారు!"

పక్కనున్నది నేనే. ఒళ్లు మండింది. "తలుపు లేదు, అర లేదు, లైటు లేదు. ఏ మొహం పెట్టుకుని దాన్ని ఫ్రిజ్ అంటారండీ?" అన్నాను.

"అంగవైకల్యం ఉందని చంపేస్తామా సార్?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

ఇంట్లో ముసలావిడ మందు ఆ తాళం వెనకాల ఉందని బావ బతిమాలుకున్నాడు. మందుల సంగతి వేరే శాఖ చూస్తుందనీ, తనిఖీ అధికారిని ఇంటికి పంపుతామనీ చెప్పి గుమస్తా తర్వాతివాళ్లను పిలిచాడు. (కొత్త ఫ్రిజ్ తలుపు బద్దలుకొట్టవచ్చు కదా అని అమాయకులు అడగవచ్చు. అది ఉపకరణంపై దాడి. జామీను దొరకదు.)

అక్క మందుల షాపులోంచి వేరే ఇన్సులిన్ సీసా తెచ్చి పక్కింటావిడ ఫ్రిజ్‌లో పెట్టించింది. సాయంత్రానికల్లా ఆవిడ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమనుకోకండి వదినగారూ, 'మీ ఫ్రిజ్‌లో పరాయి కుటుంబం తలదాచుకుంటోంది' అని యాప్‌లో నోటీసొచ్చింది. మాకూ పిల్లలున్నారు..."

ఎండలు మాడ్చేస్తున్నాయి. అక్క ఐసు ముక్కలు తెచ్చి ఫ్లాస్కులో పోసి, వాటి మధ్య సీసా పెట్టింది. అంతకన్నా ఎవరైనా ఏం చేస్తారు?

తనిఖీ అధికారి రానే వచ్చాడు. కంప్రెసర్‌ను నడిపించమన్నాడు. నడిపించాం. ముల్లు చకచకా పైకి పోయింది. ఆయన ముచ్చటపడి, కిందున్న తన స్కూటరు టైర్లకు గాలి కొట్టించుకున్నాడు. తర్వాత కంప్రెసర్ మీద చెయ్యేసి ఉలిక్కిపడ్డాడు.

"ఒళ్లు కాలిపోతోందే! జ్వరంతో ఉన్నదాని చేత ఇంత చాకిరీ చేయిస్తారా?"

"నడిస్తే వేడెక్కుతుందండీ, దాని స్వభావమే అంత" అన్నాడు బావ.

"ఫ్రిజ్ వేడెక్కడం స్వభావమా! చదువుకున్నవాళ్లేనా మీరు?"

లోపలి గదిలోంచి మా అక్క అత్తగారు, నాకు వరసకు అత్తయ్య, చూస్తూనే ఉంది. "నాయనా, నాకూ రెండ్రోజుల్నించి నోరెండిపోతోంది, కళ్లు తిరుగుతున్నాయి. నా మీదా ఓ చెయ్యేసి చూడు" అంది.

"మీరు మా పరిధిలోకి రారమ్మా" అన్నాడాయన, ఎంతో మర్యాదగా. వెళ్లేముందు కంప్రెసర్ ఆరోగ్య స్థితి దగ్గర 'దీర్ఘాయువు' అని రాసుకున్నాడు.

ఆ మర్నాడు అత్తయ్య స్పృహ తప్పింది. ఆసుపత్రిలో డాక్టరు సీసా చూసి, ఇది గడ్డకట్టి కరిగిందనీ, ఇక ఇది పొడిచినా ఒకటే, నీళ్లు పొడిచినా ఒకటే అనీ చెప్పాడు. "నా చేతులతో నేనే పొడిచానురా తమ్ముడూ" అని అక్క వరండాలో కుప్పకూలింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం చూపించడానికి ఎదురుగా ఒక్క అధికారీ లేడు. ఉండకుండా ఏర్పాటు చేసుకోవడమే పరిపాలన.

ఇంటికొచ్చిన అక్క సుత్తి తీసుకుని తిన్నగా బాల్కనీలోకి పోయింది. కొట్టింది, కొట్టింది. పాతకాలపు ఉక్కు, సుత్తి పిడి ఊడిందే తప్ప దానికి సొట్ట కూడా పడలేదు.

"అలా చావదే, ఉండు" అన్నాడు బావ. నెమ్మదిగా దాన్ని ఒరగబెట్టి లోపలి నూనె అంతా వంచేశాడు. నిలబెట్టి స్విచ్ వేశాడు. నూనె లేకపోతే లోపలి ఇనుము ఇనుముతో రాసుకుని పట్టేస్తుంది. పిల్లి గుర్రు కాస్తా కీచుగా మారింది. బావ దాని పక్కనే గొంతుక్కూర్చుని, అది ఆగేదాకా లేవలేదు. రంగు సగమే పడిన ఓడలు అరలో వరసగా ఉన్నాయి. "అమ్మకి మందు వస్తుందిగా, చాలు" అన్నాడు.

మరణ ధ్రువపత్రం ఆశ్చర్యకరంగా వెంటనే వచ్చింది, శాఖ ప్రగాఢ సానుభూతితో సహా. కొత్త ఫ్రిజ్ తాళం తెరుచుకునేలోపే మరణ కారణంపై విచారణ నివేదిక కూడా వచ్చింది. దీర్ఘాయువుతో ఉన్న ఉపకరణం, నూనె అందక, యజమానుల కళ్లెదుట, ఆకలితో మరణించిందని అందులో తేల్చారు. ఇలాంటి ఇంట్లో మరో ఫ్రిజ్‌ను ఉంచడం క్షేమం కాదు కనుక కొత్తదాన్ని తక్షణం ప్రభుత్వ ఆశ్రయానికి తరలించాలని ఆదేశించారు. మనుషులు వచ్చి దాన్ని దుప్పటి చుట్టి మరీ తీసుకుపోయారు. లోపల మందుంది, తలుపు తీయండని బావ వాళ్ల వెంట మెట్ల కిందిదాకా పరుగెత్తాడు. భయపడి ఉన్న ఉపకరణాన్ని దారిలో తెరవకూడదని వాళ్లు నచ్చజెప్పారు.

ఆశ్రయంలో దానికి వెంటనే కరెంటు ఇచ్చారట. లోపలి ఇన్సులిన్ ఇప్పుడు సరిగ్గా నాలుగు డిగ్రీల దగ్గర క్షేమంగా ఉందనీ, కుటుంబ సభ్యులు ఏమాత్రం ఆందోళన చెందవద్దనీ శాఖ మాకు సందేశం పంపింది. ఆసుపత్రిలో అత్తయ్య మంచం పక్కన కూర్చుని చదువుకున్నాం.