వంద గంటలు, ఒకే వాక్యం

"ఇకమీదట సేవ చెయ్యని పిల్లాడు ఈ దేశంలో కాలేజీ గడప తొక్కడు!" అని విద్యామంత్రిగారు హైస్కూలు మైదానంలో సింహగర్జన చేశారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లందరూ కాలేజీ చదువులు ఎప్పుడో ముగించుకుని నీడలో కూర్చున్న పెద్దలు. కొట్టనివాళ్లు ఎండలో నిలబడ్డ పిల్లలు.

పథకం పేరు 'సేవాక్షరం'. ఆఖరి తరగతి చదివే ప్రతి విద్యార్థీ చదువురాని పెద్దవాళ్లకు వంద గంటలు చదువు చెప్పాలి. ఆ వంద గంటల సర్టిఫికెట్ జతచేస్తేనే కాలేజీ దరఖాస్తు తీసుకుంటారు. మార్కులెన్ని వచ్చినా సరే, గంటలు లేనివాడికి ఇంటిగంటే.

ఇంతటి మహత్కార్యానికి ఆ బడిలో డ్రిల్లు మాస్టారిని కోఆర్డినేటరుగా వేశారు. బడిగంట కొట్టించేది ఆయనే కాబట్టి గంటల విషయంలో ఆయన్ని మించిన అనుభవజ్ఞుడు లేడని హెడ్మాస్టరుగారి నమ్మకం. మెడలో ఈల, చంకలో ఫైలు. పదవి వచ్చినందుకు మాస్టారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సొంత కూతురు కూడా ఆ ఏడే ఆఖరి తరగతి కావడంతో ఆ ఛాతీలో గుండె రెండింతలు కొట్టుకుంది. అమ్మడు పశువైద్యం చదవాలనుకుంటోంది. మార్కులకు లోటు లేదు. లోటల్లా గంటలకే.

మొదటి వారంలోనే ఒక చేదు నిజం బయటపడింది. సేవ చేసేవాళ్లు నాలుగు వందలమంది, చేయించుకోవడానికి ముందుకొచ్చినవాళ్లు నలభైమంది! దేశంలో నిరక్షరాస్యులకు ఇంత కరువొచ్చిందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. బడి ఎదుట చెప్పులు కుట్టే పెద్దాయన ముందు పదకొండుమంది గురువులు క్యూ కట్టారు. మొదటివాడు వచ్చి 'అ' దిద్దించి వెళ్లాడు. రెండోవాడూ 'అ' దిద్దించాడు. ఐదోవాడు పలక తియ్యగానే పెద్దాయన సూది పక్కన పెట్టేశాడు.

"బాబూ, 'అ' ఐదుసార్లయింది. ఇంతకీ 'ఆ' ఎవరి వాటాకొచ్చింది?"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఫారం ముందేసుకుని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశారు. చదువు వచ్చిందని రుజువుగా లబ్ధిదారు ఒక వాక్యం సొంత చేత్తో రాయాలని అందులో ఉంది. దానికి వదిలిన జాగా నాలుగు వేళ్ల వెడల్పు. ఆ జాగాకు సరిపడా మాస్టారే ఒక వాక్యం కుట్టి పైకి పంపారు: 'సేవ అందింది, తృప్తిగా ఉంది.' పైవాళ్లు మురిసిపోయి దాన్ని 'నిర్దేశిత వాక్యం'గా ప్రకటించారు.

అక్కడే మాస్టారి బుర్రలో దీపం వెలిగింది. రాయాల్సింది పది అక్షరాలైతే యాభయ్యారు నేర్పడం పిల్లల కాలం వృథా చెయ్యడం కాదూ? మర్నాడు, వంద గంటలు మావల్ల కాదని తప్పించుకున్నవాళ్లతో సహా, ఊళ్లోని చదువురాని పెద్దల్నందర్నీ మైదానంలో వరసలుగా నిలబెట్టారు. ఒక ఈలకు 'సే'. రెండో ఈలకు 'వ'. అందరూ గాల్లో వేళ్లు తిప్పారు. వంద గంటల చదువు గంటన్నరలో ముగిసింది. చుట్టుపక్కల బళ్లవాళ్లు వచ్చి ఈ పద్ధతి చూసి వెళ్లారు. పోతూ పోతూ ఈలలు కొనుక్కున్నారు.

ఈలకు లొంగని మనిషి ఒక్కతే. బడి క్యాంటీన్లో ప్లేట్లు కడిగే గిన్నెల పెద్దమ్మ. ఆవిడ అమ్మడి వాటాకొచ్చింది.

"ఏమే, అందరూ గంటన్నరలో లేచిపోతే నీకు నాలుగు నెలలేంటే?" అన్నారు మాస్టారు.

"పెద్దమ్మ చదవడం కూడా నేర్చుకుంటానంటోంది నాన్నా."

"చదవడం దేనికి? ఫారంలో చదివే గడి లేదు. రాసే గడే ఉంది."

పెద్దమ్మ సబ్బు నురగ చేతులతోనే తలెత్తింది. "మాస్టారూ, నిన్న బస్సు బోర్డు చదివి ఎక్కాను. ముప్పయ్యేళ్లలో మొదటిసారి, ఇది ఎక్కడికి పోతుందని ఎవర్నీ అడగలేదు. ఆ కండక్టరే నన్నడిగాడు, ఎక్కడికమ్మా అని!"

ఇంతలో ఇంకో విజయం. ఊళ్లో కుళాయిలు రెండు నెలలుగా సరిగ్గా రావడం లేదు. ఇదివరకైతే జనం బిందెలు పట్టుకుని ఆఫీసు ముందు అరిచేవాళ్లు. ఇప్పుడు అక్షరాస్యులు కదా, అరుస్తారా? దర్జాగా ఫిర్యాదులు రాసి పెట్టెలో వేశారు. పెట్టె తెరిస్తే ఆరువందల పన్నెండు కాగితాలు. అన్నిటి మీదా ఒకటే: 'సేవ అందింది, తృప్తిగా ఉంది.' నీళ్ల ఇంజనీరుగారు చదివి ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. ఇంత తృప్తిగా ఉన్నవాళ్లకు ఆ వచ్చే కాసిని నీళ్లు మాత్రం దేనికని పంపు పూర్తిగా కట్టించేశారు.

మంత్రిగారు స్వయంగా వచ్చి సభ పెట్టారు. "వేలిముద్రల కాలం పోయింది! ఎవరైనా ముద్ర వెయ్యమంటే విసిరికొట్టండి! సర్కారు కాగితం ఏది చేతికొచ్చినా కలం పట్టి మీరు నేర్చుకున్నది రాయండి!" వేలిముద్ర పోయింది. దాంతోపాటే వేలెత్తి చూపడమూ పోయింది. మంత్రిగారికి ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మడి వంద గంటలు నిజంగానే పూర్తయ్యాయి. పెద్దమ్మ ఫారం అందుకుని, వెంటనే రాయకుండా, ముందు వేలు పెట్టి మొత్తం చదివింది. మాస్టారికి ఆ పద్ధతి చూసి అప్పుడే భయం వేసింది. తర్వాత గడిలో పట్టేలా సన్నటి అక్షరాలతో రాసింది: 'అమ్మాయి చదువు చెప్పింది. కుళాయిలో నీళ్లు రావడం లేదు.'

వారానికి ఫారం తిరిగొచ్చింది. మీద ఎర్ర సిరాతో: 'నిర్దేశిత వాక్యంతో సరిపోలడం లేదు. లబ్ధిదారుకు చదువు రాలేదు.' ఒరిజినల్ ఆఫీసు ఫైల్లో ఉంచుకుని నకలు పంపారు.

మాస్టారు క్యాంటీన్‌కి పరిగెత్తారు. "పెద్దమ్మా, ఆ ఒక్క లైను రాసెయ్యవూ? పిల్ల సీటు పోతుంది!"

"చదువు రానప్పుడైతే రాసేదాన్నే మాస్టారూ. ఇప్పుడు అర్థం తెలిసిపోయింది, ఎలా రాయను?"

గత్యంతరం లేక మాస్టారు ఖాళీ సర్టిఫికెట్ పట్టుకుని మంత్రిగారి కాళ్ల మీద పడ్డారు. అప్పుడు ఎన్నికల సందడి. మంత్రిగారు సర్టిఫికెట్ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "గెలవగానే మొదటి సంతకం దీనిమీదే. నీ కూతురి గంటలు నా గుండెల మీదున్నాయి, పోవయ్యా!"

పోలింగు బడిలోనే. బ్యాలెట్ కాగితంతోపాటు ముద్ర చేతిలో పెట్టగానే జనం దాన్ని పురుగును చూసినట్టు చూశారు. "ముద్రలు విసిరికొట్టమని మంత్రిగారే అన్నారుగా!" అని విసిరికొట్టి, జేబుల్లోంచి సొంత కలాలు తీశారు.

లెక్కింపులో మాస్టారికి డ్యూటీ పడింది. మిగతా ఊళ్ల పెట్టెలన్నీ తెరిచేసరికి ఇద్దరు అభ్యర్థులూ సమానం. మిగిలింది బడి పెట్టె. మాస్టారు మొదటి కాగితం విప్పారు. 'సేవ అందింది, తృప్తిగా ఉంది.' రెండోది. అదే. ఏడువందల కాగితాలూ అదే.

"చెల్లవు," అన్నాడు ఎన్నికల అధికారి.

"చెల్లవా! అంత తృప్తి మీకు కనిపించడం లేదూ?" అని మంత్రిగారు బల్ల గుద్దారు.

"కనిపిస్తోందండి. ఎవరి మీదో కనిపించడం లేదు."

అడుగున ఒక్క కాగితం చెల్లింది. అందులో ప్రత్యర్థి పేరుకెదురుగా ముద్ర, గీతకు అటూ ఇటూ తగలకుండా, తీరుగా పడింది. పేర్లు చదివి వేసిన చెయ్యి. దాని మీద ఎక్కడో సబ్బు వాసన వస్తున్నట్టు మాస్టారికి అనిపించింది కాని, అనుమానాలకు రిజిస్టరులో గడి లేదు. మంత్రిగారు ఒక్క ఓటుతో మాజీ అయిపోయి, గుండెల మీదున్న గంటలతో సహా కారెక్కి వెళ్లిపోయారు.

కొత్త మంత్రిగారు అదే మైదానంలో, అదే మైకులో గర్జించారు. "పాత పాలకులు ప్రజల చేత అబద్ధం రాయించారు! మా పాలనలో నిజం రాయిస్తాం!" నిజం ఎక్కడ దొరుకుతుందా అని అధికారులు ఫైళ్లన్నీ తిరగేస్తే ఒకే ఒక్క నిజం దొరికింది, ఎర్ర సిరా కింద. దాంట్లో అమ్మాయి సంగతి తీసేసి, మిగిలిన ముక్కను దేశమంతటికీ నిర్దేశిత వాక్యం చేశారు: 'కుళాయిలో నీళ్లు రావడం లేదు.' పాత ఫారాలు రద్దు, అందరూ కొత్తవి ఇవ్వాలి. పది అక్షరాలు పదకొండయ్యాయి. అభివృద్ధి అంటే అదే.

మాస్టారు ఎగిరి గంతేశారు. ఆ వాక్యం పెద్దమ్మదే! మళ్లీ ఒక్కసారి రాస్తే చాలు. గంటన్నర ఈల వేసి ఊరికంతటికీ కొత్త వాక్యం నేర్పారు. జనం అలవాటు కొద్దీ ఫిర్యాదు పెట్టెలోనూ అదే వేశారు. ఇంజనీరుగారు ఏడువందల కాగితాలు చూసి హడలిపోయి, ఆ పూటే పంపు వదిలించారు. వీధి వీధినా కుళాయిలు బుస్సుమన్నాయి. జనం ఓ చేత్తో బిందెలు నింపుకుంటూ, రెండో చేత్తో నీళ్లు రావడం లేదని ఫారాలు నింపారు.

పెద్దమ్మ ఫారం చదివింది. కాసేపు ఆలోచించింది. రాసింది: 'కుళాయిలో నీళ్లు వస్తున్నాయి.'

మాస్టారు తల పట్టుకున్నారు. "పెద్దమ్మా, నువ్వు రాసిన మాటేగా అది! నీ మాట నువ్వు రాయడానికేం?"

"అప్పుడు రాలేదు మాస్టారూ. ఇప్పుడొస్తున్నాయిగా."

"వద్దులే నాన్నా, బలవంతపెట్టకు," అంది అమ్మడు.

"మరి సీటో? రేపే ఆఖరి రోజు."

అమ్మడు నింపి పెట్టుకున్న దరఖాస్తు మడత విప్పి, మళ్లీ అదే మడతలో పెట్టింది. మాస్టారు నీళ్లు నమిలారు. ఊళ్లో ఇప్పుడు వాటికి కొదవ లేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ క్యాంటీన్లో ప్లేట్లు కడుగుతున్న వేళ, మాస్టారు కుళాయిల ఫిట్టరు దగ్గర వాల్వు తిప్పే పెద్ద రెంచీ అడిగి తీసుకుని ఆవిడ సందులోకి వెళ్లారు. తడి నేలలో మోకాళ్ల మీద కూర్చుని వాల్వు మీది ఇనప మూత ఎత్తారు. అలవాటుకొద్దీ ఈల నోట్లో పెట్టుకుని, ఎందుకో తీసేశారు. రెంచీ నాలుగు చుట్లు తిప్పారు.

మూడింటికి పెద్దమ్మ ఇంటికొచ్చి కుళాయి తిప్పింది. రాలేదు. ఇంకాస్త తిప్పింది. కుళాయి ఒకసారి గొంతు సవరించుకుని ఊరుకుంది. గుమ్మంలో మాస్టారు కొత్త ఫారం పట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దమ్మ చేతులు తుడుచుకుని ఫారం అందుకుంది. ఎప్పట్లాగే మొత్తం చదివింది. తర్వాత ఒక్కో అక్షరం గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాసింది.

"ఇదిగోండి. నిజమే రాశాను, నీళ్లు రావడం లేదు." ఫారం ఇస్తూ ఆవిడ చూపు ఒకసారి కిందకి వెళ్లింది. "ఆ మోకాళ్ల తడి కాస్త తుడుచుకుని వెళ్లండి మాస్టారూ. ఆఫీసులో ఎవరైనా చూస్తే బాగోదు."