తొంభై ఆరు ఎర్ర ఉంగరాలు

గుర్తుల సారు ఆ ఉదయం కూడా దిగులుగానే లేచాడు. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో జన్యు పరీక్షలు చేసే ఆయనకు ఆ పేరు పనివాళ్ళు పెట్టారు. తల్లి రొయ్య ఈతకాలి నుంచి చిన్న ముక్క కత్తిరించి, తెల్లమచ్చ తెగులును తట్టుకునే గుర్తులు దాని జన్యువుల్లో ఉన్నాయో లేదో చూడడం ఆయన పని. ఆరేళ్ళుగా తరం తర్వాత తరం చూస్తూనే ఉన్నాడు. ఈసారి రెండు వందల తల్లుల్లో తొంభై ఆరింటికి గుర్తులన్నీ దొరికాయి. ఈ ఉదయం పది గంటలకు యజమాని వచ్చి వాటిని చూసి, నచ్చితే పిల్లలు పెట్టించమంటాడు. నచ్చకపోతే ల్యాబు మూసేస్తాడు.

"మా తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడండీ," అంది భార్య. "రెండు పంటలూ తెల్లమచ్చకే పోయాయి కదా. ఈసారి మీ రొయ్యపిల్లే వేస్తాడట. ఇదీ పోతే చెరువు వదిలేస్తానంటున్నాడు."

"నన్ను నమ్ముకున్నాడా? పాపం," అంటూ సారు చెప్పులేసుకున్నాడు.

ముందురోజే పరీక్షల జాబితా చూసి, నంబర్లు వేసిన విడివిడి బుట్టల్లోని రొయ్యల్ని రెండు తొట్లలోకి విడదీశారు. ఒకదానికి 'తల్లులు' అనీ, రెండోదానికి 'పారబోత' అనీ అట్టలు కట్టారు. తర్వాత కంటికాడలకు ఉంగరాలు తొడిగారు. మంచివాటికి ఎరుపు, మిగతావాటికి ఆకుపచ్చ. మురికినీళ్ళలో ఎరుపైతే బాగా కనిపిస్తుందని సారు ఉద్దేశం. ఆ ఉద్దేశం ఆయన ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారగానే, తొట్లు చూసుకునే పెద్దాయన వచ్చాడు. తల్లుల తొట్టి నిండా ఎరుపే. ఎరుపంటే ప్రమాదమని ఎవరికి తెలియదు? 'దిగుల్లో పడి సారు తారుమారు చేశారు, పాపం. యజమాని ముందు మాట పడతారు' అనుకుని, చడీచప్పుడు లేకుండా వలతో ఇటువి అటు, అటువి ఇటు మార్చేసి టీకి వెళ్ళాడు.

ఎనిమిదింటికి ల్యాబు అమ్మాయి వచ్చింది. పారబోత తొట్టిలో ఎర్ర ఉంగరాలు! అట్టలు కట్టింది తనే. 'అయిపోయాను' అనుకుని, గబగబా అట్టలు మార్చి కట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయింది. కథ అక్కడాగితే అంతా సవ్యంగానే ఉండేది.

టీ తాగొచ్చిన పెద్దాయనకు తల్లుల అట్ట కింద మళ్ళీ ఎరుపే కనిపించింది. 'అయ్యో, సారు అట్టలు కూడా తిప్పేశారే!' అని జాలిపడి, మళ్ళీ వల తీశాడు. సగం మార్చాడో లేదో, మేత బస్తాలు దించాలని కేక వినిపించింది. వెళ్ళాడు.

తొమ్మిదింటికి సారు వచ్చాడు. రెండు తొట్లలోనూ ఎరుపూ పచ్చా కలిసి ఈదుతున్నాయి. లోకంలో ఏ తప్పు జరిగినా అది తనదేనని నమ్మే మనిషి ఆయన. 'జాబితా చూసి విడదీశాం, తొట్లు తప్పు కావు. ఉంగరాలే తప్పు తొడిగాను' అని తేల్చుకున్నాడు. యజమాని కంటపడకూడదని గంటసేపు కూర్చుని రెండు వందల ఉంగరాలూ కత్తిరించేశాడు.

చివరిది కత్తిరిస్తుండగా పెద్దాయన వచ్చాడు. "సారూ, ఎర్రవి సగమే మార్చాను. తక్కినవేవి?"

"మార్చావా? ఎక్కడికి?"

"పారబోతలోకి సారూ. మీరు అట్టలు తిప్పేశారుగా."

"అట్టలు తిప్పింది నేను సార్," అని లోపలినుంచి వచ్చి అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే యజమాని లోపలికొచ్చాడు.

జరిగిందంతా విన్నాడు. "మళ్ళీ పరీక్ష చేస్తానండీ," అన్నాడు సారు.

"ఇంకేం పరీక్షయ్యా? తెగులు తట్టుకుంటాయన్నావుగా, తెగులే పెట్టు. తొంభై ఆరు బతికితే ల్యాబు ఉంటుంది. లేకపోతే తాళం."

వేరే గదిలో రెండు వందలకీ తెల్లమచ్చతో చచ్చిన రొయ్యల మాంసం మేపారు. మూడోరోజు నుంచి తొట్టి అడుగున తెల్లమచ్చలతో శవాలు కనిపించాయి. సారు అన్నం మానేశాడు. పెద్దాయన పొద్దునా సాయంత్రం శవాలు తీసి, లెక్క చెప్పి, ముఖం చూడకుండా వెళ్ళేవాడు. ఎనిమిదోరోజు తర్వాత చావులు ఆగాయి. తొంభై మూడు మిగిలాయి.

"శభాష్! ముందే ఈ పని చేయాల్సిందయ్యా!" అన్నాడు యజమాని. "ఉంగరాలు చూపిస్తే నేను నమ్మేవాణ్ణా? పాత తరంతో మళ్ళీ మొదలుపెట్టు, ఇంకో మూడేళ్ళు ఇస్తున్నా."

మధ్యాహ్నం బావమరిది ఫోన్ చేశాడు. "అక్క చెప్పింది బావా, తొంభై మూడు బతికాయటగా! పిల్ల ఎప్పుడిస్తావు?"

"బతికినవాటి ఒంట్లోనూ తెగులుంటుందిరా. వాటి పిల్లని నీ చెరువులో ఎలా వేయను? ఇప్పుడే అన్నిటినీ బ్లీచింగు వేసి పూడ్చేశాం. మళ్ళీ తయారవడానికి మూడేళ్ళు."

"అయితే నీ రొయ్యలు నిజంగానే మంచివన్నమాట," అన్నాడు బావమరిది.

"అవునురా," అన్నాడు సారు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట నమ్మకంగా అన్నాడు. ఏడుపొచ్చింది.

"సరేలే బావా. చెరువు వదిలేస్తున్నా. అక్కకి నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం పెద్దాయన ఖాళీ తొట్లు రెండింటికీ వలలు కప్పి తాళాలు వేసి, తాళంచెవులు తన మొలతాడుకే కట్టుకున్నాడు, సారు మళ్ళీ పొరపాటు చేయకుండా.