నిద్ర ప్రాజెక్టు

ఆ ఉదయం సైన్సు టీచరు వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. మొదటి పీరియడులో తనిఖీ అధికారి వస్తారు, ఏడో తరగతి పిల్లలు గోడకు చార్టులు తగిలించి నాలుగు ముక్కలు చెబుతారు, ఆయన తలూపి వెళ్లిపోతారు. అంతే. ఈ తనిఖీ మీదే ఆమె ఏడాది కష్టం ఆధారపడి ఉంది. పుస్తకం మూసి, పిల్లల చేత ప్రాజెక్టులు చేయిస్తూ పాఠాలు నేర్పడం హెడ్మాస్టరు గారికి మొదటి నుంచీ మింగుడు పడలేదు.

"అధికారి గారు మెచ్చుకుంటే సరేనమ్మా. లేదంటే సోమవారం నుంచి మళ్లీ నోట్సు చెప్పి రాయించండి," అని నిన్ననే తేల్చేశారాయన. నోట్సు అనగానే పిల్లల ముఖాల్లోకి వచ్చే ఆ వాడిన చూపు ఆమెకు గుర్తొచ్చింది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

బడికి వెళ్లేసరికి కబురు సిద్ధంగా ఉంది. అధికారి భోజనాల తర్వాత వస్తారట. సరేలే, ఇంకో పూట దొరికింది అనుకుంది. భోజనాలు ముగిసే వేళకు ల్యాబు తలుపు తీసి, ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. చార్టులు లేవు. కిటికీలన్నిటికీ నీలం దుప్పట్లు వేలాడుతున్నాయి. గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. కుళాయి నుంచి ఒక్కో చుక్క తీరిగ్గా రేకు గిన్నెలో పడుతోంది. మధ్యలో స్టాఫ్ రూములోని పడక కుర్చీ, దాని పక్కన మెత్తలు వేసిన బెంచీలు.

"ఇదేంటర్రా? నిద్ర ఎందుకొస్తుందో చార్టు మీద రాయమన్నాను కదా," అంది నీరసంగా.

"మీరే కదా టీచర్, చెప్పొద్దు, చేసి చూపించండి అన్నారు," అంది జట్టు నాయకురాలు. నోరు తెరిస్తే ప్రశ్నే వస్తుంది కనక ఆ పిల్లను బడంతా ప్రశ్న అనే పిలుస్తుంది. "చీకటి జట్టు, చుక్కల జట్టు, శబ్దాల జట్టు. అన్నీ పరీక్షించాం. వాన చప్పుడు, ఫ్యాను మోత, జోలపాట, అన్నిటికంటే ఇదే బాగా పనిచేసింది."

ప్రశ్న చిన్న స్పీకరు నొక్కింది. "క్రమశిక్షణ అనగానేమి? క్రమశిక్షణ అనగా..." పిల్లలు రికార్డు చేసిన హెడ్మాస్టరు గారి ప్రార్థన సమావేశం ప్రసంగం నిదానంగా, గంభీరంగా గదిలో పరుచుకుంది.

"ఇది తీసేయండి. వాన చప్పుడు పెట్టండి."

"ఫలితం మనకు నచ్చకపోయినా మార్చకూడదు అన్నారు కదా టీచర్?"

అన్న మాట నిజమే. అంతలోనే, అధికారి కారు వచ్చిందేమో చూడమని ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కారు రాలేదు గానీ, అది వచ్చేదాకా ఆమె గేటు దగ్గరే ఇరుక్కుపోయింది.

ఆమె అటు వెళ్లగానే లెక్కల మాస్టారు తన పడక కుర్చీని వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చారు. దొరికింది కదా అని ఒక్క నిమిషం కూర్చున్నారు. పరిశీలన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదన్నది టీచరు పెట్టిన నియమం. పిల్లలు పెదవి విప్పకుండా చూస్తూ కూర్చున్నారు. మాస్టారి తల పక్కకు వాలింది.

లెక్కల తరగతి గోల భరించలేక ఆయన కోసం బయల్దేరిన హెడ్మాస్టరు గారికి దారిలో తన గొంతే వినిపించింది. లోపలికి తొంగి చూస్తే ఆ మసక వెలుగులో మాస్టారు కనబడలేదు గానీ, పిల్లలందరూ బొమ్మల్లా కూర్చుని తన ప్రసంగం వింటున్నారు. ఆయన మనసు కరిగిపోయింది. ఇంతకాలం ఈ ప్రాజెక్టులను అపార్థం చేసుకున్నానా అనుకుంటూ, కాస్త విని పోదామని బెంచీ మీద కూర్చున్నారు. క్రమశిక్షణకు రెండో నిర్వచనం వచ్చేసరికి ఆయన కళ్లు మూతపడ్డాయి.

అప్పుడొచ్చింది కారు. దిగిన మనిషి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం ముటముటలాడుతోంది. టీచరు ఆయన్ను లైబ్రరీ వైపు తిప్పబోయింది గానీ, ల్యాబులోంచి వస్తున్న గొంతు విని ఆయన ఆగారు.

"లోపల క్లాసు జరుగుతోందా?"

"అవునండీ. ఒక రకంగా," అందామె.

లోపల హెడ్మాస్టరు గారి గొంతు గంభీరంగా మాట్లాడుతోంది. హెడ్మాస్టరు గారు మాత్రం నోరు మూసుకుని నిద్రపోతున్నారు. అధికారి గట్టిగా ఏదో అనబోయారు. ప్రశ్న పెదవుల మీద వేలు పెట్టి, ఖాళీ బెంచీ చూపించింది. ఆ ధైర్యానికి నివ్వెరపోయి ఆయన కూర్చున్నారు. కూర్చోవడమే ఆయన చేసిన పొరపాటు.

అయిపోయింది, అనుకుంది టీచరు. గుమ్మం పక్కన చతికిలబడింది. సోమవారం, నోట్సు, వాడిన చూపులు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నీలపు వెలుగులో దుప్పట్లు మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు కదిలాయి. చుక్క పడింది. మరో చుక్క. నల్లబల్ల గోడ నుంచి విడివడి నీళ్ల మీద పడవలా వెళ్లింది, పిల్లలంతా అందులో కూర్చుని ఆమెకు చేతులూపారు. ఎక్కడికర్రా అని అడిగింది. చేసి చూపిస్తాం టీచర్ అన్నారు వాళ్లు. దుఃఖం ఎటో పోయి, ఆమెకు చాలా హాయిగా అనిపించింది.

ఇంటిగంట ఖంగుమని మోగింది.

పెద్దవాళ్లంతా ఒక్కసారి లేచారు. హెడ్మాస్టరు గారు తడబడుతూ చేతులు కట్టుకున్నారు. "క్షమించాలి సార్. ఈ ప్రాజెక్టులు ఇవాళే ఆపించేస్తాను."

"ఆగండి," అన్నారు అధికారి. కళ్లద్దాలు తుడుచుకుని ప్రశ్న వైపు తిరిగారు. "నేను నిద్రపోయానా?"

"పోయారు సార్. అందరికంటే త్వరగా. రెండుసార్లు నవ్వారు కూడా."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "మా ఆవిడ పోయినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు తల్లీ. డాక్టర్లందరూ నిద్ర గురించి చెప్పారు. చేసి చూపించింది మీరే." అప్పుడు టీచరు వైపు తిరిగి, "ఇలాగే నేర్పండమ్మా. ఎవరైనా ఆపితే నాకు చెప్పండి," అన్నారు. టీచరుకు కళ్లు చెమ్మగిల్లాయి.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగారు. "ఆ గొంతు ఎవరిదండీ?"

హెడ్మాస్టరు గారు మెల్లగా చెయ్యెత్తారు. "నాదేనండీ."

"నాకో కాపీ ఇప్పిస్తారా?"

ఇన్నేళ్ల సర్వీసులో తన ప్రసంగాన్ని మళ్లీ వినాలని అడిగిన మొదటి మనిషి ఆయనేనని హెడ్మాస్టరు గారు ఇప్పటికీ అందరికీ గర్వంగా చెబుతారు, ఎందుకు అడిగారో మాత్రం చెప్పరు.